అలారం ‘గో ఆఫ్’ అయితే ఆగినట్టా, మోగినట్టా?

సందేహం: ‘ది అలారం వెంట్ ఆఫ్’ అన్న వాక్యానికి ‘అలారం ఆగిపోయింది’ అని రాస్తే తప్పన్నారు. ఆఫ్ అంటే ఆగడమే కదా! తెలుగులో లేని ఈ తికమక ఇంగ్లీషులో ఎందుకు? బట్టీ పట్టడం తప్ప దారి లేదా?

సమాధానం: మోగిందనే అర్థం. ఆగిందని చెప్పాలంటే ‘స్టాప్డ్’ అనండి; మీరే ఆపితే ‘ఐ టర్న్‌డ్ ఇట్ ఆఫ్’. ‘లైటు ఆఫ్ చెయ్యి’ అంటూ ఆ మాటను ఒక్క అర్థంతోనే తెలుగులోకి తెచ్చుకున్నాం, చిక్కంతా అక్కడే. ఇంగ్లీషులో దాని మూలార్థం ‘విడివడి, దూరంగా’. అసలు ఆఫ్ (off), ఆవ్ (of) రెండూ పాత ఇంగ్లీషులో ఒకే మాట. ఊనిక పడిన రూపం ఆఫ్‌గా నిలిచింది. 17వ శతాబ్దం దాకా రాతలో అవి పూర్తిగా వేరుపడలేదు. బిగబట్టి ఉన్నది ఒక్కసారిగా బయటపడితే గో ఆఫ్. అందుకే తుపాకి పేలినా, అలారం మోగినా అదే మాట. లైటు విషయంలో ఆరడం, పాల విషయంలో పాడవడం. ఏ అర్థమో కర్తను చూసి తేల్చుకోవాలి.

తెలుగులో ఈ తికమక లేదంటే మాత్రం ఒప్పుకోను. కోర్టు పిటిషన్ కొట్టేసింది, దొంగ పర్సు కొట్టేశాడు, రోడ్డు కోసం చెట్టు కొట్టేశారు. కొట్టు, వేయు విడివిడిగా తెలిసినవాడికి పిటిషన్ గతి ఎలా తెలుస్తుంది? ‘తిను’కీ ‘తినేయ్’కీ ఉన్న తేడాయే ఈట్‌కీ ఈట్ అప్‌కీ ఉంది: మిగల్చకుండా అని. యూజ్ అప్, డ్రింక్ అప్‌లలోనూ అంతే. అలాగని ప్రతి ‘అప్’కీ ఈ సూత్రం తగిలించకండి, లుక్ అప్ అంటే నిఘంటువులో వెతకడం.

కాబట్టి ‘గో ఆఫ్ = మోగు’ అని రాసుకుంటే చాలదు; అలారమో పాలో పక్కనే ఉండాలి. కర్మ ఉంటే దాని చోటు కూడా చూసుకోవాలి. మీటింగు వాయిదా వేయమనడానికి ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ రెండూ ఒప్పే. సర్వనామమైతే నడుమనే: ‘పుట్ ఇట్ ఆఫ్’. మనవాళ్లు ‘పుట్ ఆఫ్ ఇట్’ అని జారేది ఇక్కడే. లుక్ ఆఫ్టర్ అలా విడిపోదు, ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనే అనాలి. ఏది విడిపోతుందో విద్యార్థుల నిఘంటువుల్లో ఆ క్రియకు ఇచ్చిన వివరణ చివర ఉంటుంది. కొన్నింటిలో రెండు మొనల బాణం గుర్తు కనిపిస్తే, కర్మను అటూ ఇటూ జరపవచ్చని అర్థం.