ఇంట్లో హెడ్డు పోర్టింగ్ చేసుకోవచ్చు, కానీ పోర్టు వెడల్పు చెయ్యకండి

మీది భీమవరం పక్క పల్లెటూరు, పాత కార్బొరేటర్ పల్సర్ 150 బండి. హెడ్డు (ఇంజిన్ పైభాగం) ఎలాగూ విప్పారు, డై గ్రైండర్ (లోహం అరగదీసే చేతి మిషను) కూడా కొన్నారు. హెడ్డులో గాలి లోపలికి వచ్చే దారి (ఇంటేక్), పొగ బయటికి పోయే దారి (ఎగ్జాస్ట్), ఈ రెండు పోర్టులూ వెడల్పు చేసి అద్దంలా పాలిష్ పెడితే పికప్ పెరుగుతుందా అని కదా మీరు అడిగింది. పెరగదండి. పైగా కింద ఉన్న పికప్ కూడా పోతుంది. నేను పాలకొల్లులో ఉంటాను. నా బండికీ, మా బావమరిది బండికీ, తర్వాత అడిగినవాళ్లకీ పెరట్లో బల్ల వేసుకుని ఈ పోర్టింగ్ పని, అంటే పోర్టుల్ని లోపల చెక్కి సరిచెయ్యడం, చేశాను. ఇష్టంగా చేసే పని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

కాలవ ఎంత వెడల్పు తవ్వినా, చేలోకి వచ్చే నీళ్లు తూము ఎంతుంటే అంతే. హెడ్డులో తూము ఎక్కడుందంటే వాల్వ్ సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు కూర్చునే చోటు) దగ్గర, దాన్ని ఆనుకుని ఉన్న గొంతులో, అంటే పోర్టు ఇరుకయ్యే చోట. లెక్క చూడండి. వాల్వ్ తల 28 మి.మీ., గొంతు 24 మి.మీ. అనుకుందాం. వాల్వ్ 5 మి.మీ. లేచేసరికే దాని చుట్టూ తెరుచుకున్న సందు, గొంతు వైశాల్యం దాదాపు సమానమైపోతాయి. అంతకన్నా తక్కువ లేచినప్పుడు గాలిని ఆపేది సీటు. ఎక్కువ లేచినప్పుడు ఆపేది గొంతు, దాని ముందున్న వంపు. మీరు వెడల్పు చేద్దామనుకుంటున్న కార్బొరేటర్ వైపు నోరు ఈ రెండిట్లోనూ లేదు.

ఆ నోరు పెద్దదైతే గాలి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే పెట్రోలు తుంపర్లు గోడకి అంటుకుంటాయి, తక్కువ ఆర్‌పీఎంలో సిలిండర్ సరిగా నిండదు. మనం తిరిగేది కాలవ గట్ల మీద, వెనకాల మనిషో మేత బస్తానో పెట్టుకుని, 40, 50 స్పీడులో. ఎవరో బాగా వెడల్పు చేసి పంపిన హెడ్డున్న బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. చించినాడ వంతెన ఎక్కాలంటే గేరు దించాల్సి వచ్చేది. తీసేసిన అల్యూమినియం మళ్లీ అతకదు కదా. వేరే హెడ్డు వెయ్యడం తప్ప దారి లేకపోయింది.

ఇక చెయ్యాల్సింది. సీటు అంటే హెడ్డులో బిగించిన గట్టి రింగు. రింగు అయిపోయి అల్యూమినియం మొదలయ్యే చోట వేలు పెడితే చిన్న మెట్టు తగులుతుంది. ఆ మెట్టుని కలిపెయ్యండి. గొంతు వాల్వ్ తలలో 85 నుంచి 88 శాతం దాకా ఉండొచ్చు, 28 వాల్వ్‌కి 24, 24.5 మి.మీ. అన్నమాట. తర్వాత లోపలి వంపు. గాలి సీటు వైపు తిరిగేటప్పుడు ఈ వంపుని పట్టుకుని రాలేక విడిపోతుంది. అక్కడ పదును అంచు ఉంటే గుండ్రంగా చెయ్యండి, అంతే. లోతుగా దించితే వంపు ఇంకా బిగుసుకుంటుంది, గాలి మరీ విడిపోతుంది. నా మటుకు పనంతటిలో ఎక్కువసేపు పట్టేది ఇదే. బర్ (గ్రైండర్‌కి బిగించే పళ్ల ముక్క) కొద్దిగా తిప్పడం, ఆపడం, వేలితో తడిమి చూడడం. వాల్వ్ గైడు (వాల్వ్ కాడ జారే గొట్టం) చుట్టూ ఉన్న దిమ్మని పక్కల సన్నం చెయ్యొచ్చు, గైడుని మాత్రం ముట్టుకోవద్దు.

బర్ అల్యూమినియానికి పనికొచ్చే పెద్ద పళ్లదే కొనండి. మధ్యమధ్య కొవ్వొత్తి రాస్తుంటే లోహం అంటుకోదు. మామూలు గ్రైండింగ్ రాయి అల్యూమినియం మీద పెట్టొద్దు, పూడుకుపోయి పగలొచ్చు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

ఇంటేక్ లోపల 80 లేక 120 నంబరు ఎమరీ కాగితంతో ఆపెయ్యండి. కార్బొరేటర్ బండికి ఆ గరుకు మంచిదే. ఎగ్జాస్ట్ నున్నగా చేసుకోండి, మసి త్వరగా పట్టదు. ఇంటేక్ రబ్బరు అంచు గాని ప్యాకింగ్ గాని గాలికి అడ్డంగా పొడుచుకు రాకుండా చూడండి. ఎగ్జాస్ట్ పోర్టు కన్నా సైలెన్సర్ పైపు కాస్త పెద్దగా ఉంటే పర్వాలేదు, దాన్ని సమానం చెయ్యాలని పోర్టుని తినెయ్యకండి.

సీటు కటింగ్ (వాల్వ్ ఆనే అంచుని కోసి సరిచెయ్యడం) మాత్రం లేత్ షాపులో చేయించండి. నిజం చెప్పాలంటే పాత బండికి పోర్టింగ్ కన్నా లాభమిచ్చేది అదే. తెచ్చాక గ్రైండింగ్ పేస్టు వేసి వాల్వులు సీటు మీద అటూ ఇటూ తిప్పి ఆడించి, హెడ్డుని సబ్బునీళ్లతో శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. వాల్వులు, స్ప్రింగులు బిగించి పోర్టుల్లో కిరసనాయిలు పొయ్యండి. పెట్రోలు మండే ఛాంబర్ వైపు చెమ్మ కనిపించిందంటే మళ్లీ ఆడించాలి. బండి ఎక్కించాక ప్లగ్గు చూడండి. తెల్లగా కాలుతుంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి.

విప్పే ఉంది కాబట్టి, గ్రైండర్ ముట్టుకునే ముందు ఇంటేక్ వాల్వ్ తల, గొంతు వెర్నియర్‌తో కొలిచి ఇక్కడ రాయండి. ఎంత తియ్యాలో, అసలు తియ్యాలో లేదో చెబుతాను.