డబ్బుల్లేవంటే ఆగిపోకండి

ఆటిజం ఉన్న మీ బాబుకి క్లాసులో తోడుగా మనిషిని పెట్టడానికి కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) డబ్బులివ్వట్లేదని స్కూల్ వాళ్లు అన్నారని రాశారు కదా, ఇంగ్లండ్‌లో అది సగం నిజమేనండీ. ఏడాదికి ఒక్కో పిల్లాడికి అయ్యే అదనపు ఖర్చులో మొదటి 6,000 పౌండ్ల దాకా స్కూలే తన బడ్జెట్‌లోంచి పెట్టుకోవాలి, ఆ పైన అయ్యేదానికే కౌన్సిల్ దగ్గరికి వెళ్లాలి. ఇప్పటిదాకా ఏం చేశారో స్కూల్‌ని ఈమెయిల్‌లో అడగండి, నోటిమాట లెక్కలోకి రాదు.

స్కూల్ కదిలేదాకా ఆగక్కర్లేదు. ఈహెచ్‌సీ అసెస్‌మెంట్ (చదువు, ఆరోగ్యం, సంరక్షణలో పిల్లాడికి ఏం సాయం కావాలో చూసే పరిశీలన) కావాలని మీరే కౌన్సిల్‌కి రాయొచ్చు, 2014 నాటి పిల్లలు, కుటుంబాల చట్టం ఇచ్చిన హక్కు అది, చేస్తారో లేదో 6 వారాల్లో చెప్పి తీరాలి. కాదంటే ఇలాంటి అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌కి వెళ్లండి, ఫీజు లేదు (మాకూ మొదట కాదనే అన్నారు లెండి). అసెస్‌మెంట్ తర్వాత ఈహెచ్‌సీ ప్లాన్ చేతికొస్తే మాత్రం, ఏ సాయం ఇస్తారో రాసే ఎఫ్ సెక్షన్‌లో ‘అవసరాన్ని బట్టి’ లాంటి గోడమీద పిల్లి మాటలు ఒప్పుకోకండి, వారానికి ఎన్ని గంటలో అంకెల్లో రాయించుకోండి, అక్కడ రాసింది ఇప్పించాల్సిన బాధ్యత కౌన్సిల్‌దే.