సియాటెల్‌లో చలికాలం రాగానే దిగులు: ఇంటి మీద బెంగా, డిప్రెషనా?

"నవంబర్ వచ్చేసరికి మంచం దిగబుద్ధి కావట్లేదు, ఇంటి మీద బెంగేనా?" అని అడిగారు. ముందు ఒకటి గుర్తు చేసుకోండి. పోయినేడు కూడా ఇదే నెలలో మొదలై, మార్చి, ఏప్రిల్‌కల్లా దానంతటదే పోయిందా? అయితే బెంగ ఒక్కటే కాకపోవచ్చు, చలికాలంలో వచ్చే డిప్రెషన్ కావచ్చు. నాకూ ఏటా ఇక్కడ గడియారం గంట వెనక్కి తిప్పే రోజుల్లోనే మొదలవుతుంది.

డిప్రెషన్ అంటే తిండి సహించదు, నిద్ర పట్టదు అనుకుంటాం. చలికాలం రకం చాలామందిలో దీనికి తలకిందులు. పది గంటలు పడుకున్నా కళ్లు మూతలు పడతాయి, అన్నం మీద, తీపి మీద యావ పెరుగుతుంది. మధ్యాహ్నం మీటింగ్ అవగానే కుక్కర్ పక్కనే నిలబడి ఆవకాయ కలుపుకుని రెండోసారి తినేవాణ్ని, ఆకలి లేకపోయినా. అమ్మ ఫోన్ చేసినా ఎత్తబుద్ధి అయ్యేది కాదు. ఇంట్లోవాళ్లు బద్ధకమన్నారు.

అసలు కారణం వెలుతురు తగ్గడమే అంటారు. డిసెంబర్‌లో ఇక్కడ పగలు ఎనిమిదిన్నర గంటలే, సాయంత్రం 4.20కే పొద్దు గుంకుతుంది. హైదరాబాద్‌లో అప్పుడు కూడా పగలు 11 గంటలుంటుంది. జొహానెస్‌బర్గ్ నుంచి న్యూయార్క్ వచ్చాక చలికాలంలో తనకే దిగులు కమ్మడం గమనించిన డాక్టర్ నార్మన్ రోసెంథాల్, తన బృందంతో కలిసి 1984లో దీనికి సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టాడు. వలస వచ్చినవాడే పట్టుకున్నాడన్నమాట.

నాకు పనిచేసింది లైట్ బాక్స్, అంటే బాగా ఎక్కువ వెలుతురిచ్చే దీపం పెట్టె. 10,000 లక్స్ (వెలుతురు కొలత) ఉండి, యూవీ (అతినీలలోహిత) కిరణాల్ని వడగట్టేది కొనండి. పొద్దున్నే లేచిన గంటలోపు అరగంట, మొహానికి అడుగున్నర దూరంలో, కాస్త పక్కగా పెట్టుకోవాలి. సూటిగా చూడక్కర్లేదు, నేను కాఫీ తాగుతూ ఫోన్లో పేపర్ చదువుకుంటా. సాయంత్రం పెడితే నిద్ర చెడుతుంది. బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మారి మారి వచ్చే జబ్బు) ఉన్నా, కంటి రెటీనా జబ్బున్నా డాక్టర్ని అడగకుండా వాడొద్దు.

జల్లు పడుతున్నా మధ్యాహ్నం ఓసారి బయట నడవండి. మబ్బు పట్టిన ఆకాశం కూడా ఆఫీసు లైట్ల కన్నా ఎన్నో రెట్లు వెలుతురిస్తుంది. విటమిన్ డి టెస్ట్ చేయించుకోండి, కానీ ఆ మాత్రలతోనే దిగులు పోతుందని కూర్చోవద్దు.

రెండు వారాలైనా దిగులు తగ్గక, రోజువారీ పనులు సాగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏటా వచ్చేవాళ్లకి చలి ముదరకముందే మొదలుపెట్టే బుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందు ఉంది; అది మీకు సరిపడుతుందో లేదో ఆయనే చెప్పాలి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అమెరికాలో ఇలాంటప్పుడు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా ఎత్తుతారు.