జైపూర్ రాజుగారికి మహావీర చక్రం ఊరికే రాలేదు

"రాజకుటుంబాల వాళ్లకు మిలిటరీ పతకాలు హోదా చూసి ఇచ్చేవారట, నిజమేనా?" అని అడిగారు. అందరి సంగతీ నాకెందుకు గానీ, జైపూర్ మహారాజా భవానీ సింగ్ విషయంలో మాత్రం అబద్ధం. ఆయనకొచ్చిన మహావీర చక్రం, యుద్ధంలో తెగువకు మన దేశం ఇచ్చే రెండో అతి పెద్ద పతకం, 1971 యుద్ధంలో చేసిన పనికి వచ్చింది. ఈ ప్రశ్న మా బాబాయి ముందు అడిగుంటే మీకు ఒక పూట క్లాసు పడేది.

బాబాయి ఆర్మీలో డ్రైవరుగా చేశాడు. మాది మిలిటరీ మాధవరం కాదు గానీ మా వీధిలోనూ నలుగురు మాజీ సైనికులున్నారు. బాబాయి సర్వీసులో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలో, బాడ్మేర్ వైపు గడిచింది. ఆ మధ్య అందరం జైపూర్ వెళ్లాం. సిటీ ప్యాలెస్‌లో రెండు వెండి గంగాళాల దగ్గర గైడు మమ్మల్ని అరగంట నిలబెట్టాడు. 1902లో అప్పటి జైపూర్ రాజు మాధోసింగ్ లండన్ వెళ్తూ వాటిలో గంగ నీళ్లు పట్టుకెళ్లాడు, ఒక్కోటి 345 కిలోలు. బాబాయి ఓపిక పట్టి పట్టి, భవానీ సాబ్ గురించి చెప్పవేం అని అడిగాడు. "ఓ, బబుల్స్ మహారాజా!" అని గైడు నవ్వి, ఆయన పుట్టినప్పుడు షాంపేన్ ఎలా పారిందో, ఆ బుడగల మీద ఆ ముద్దుపేరు ఎలా వచ్చిందో అందుకున్నాడు. యుద్ధంలో ఆయన దాడి చేసిన ఛాఛ్రో ఊసే లేదు.

బయట చెట్టు కింద కూర్చున్నాక మిగతాది బాబాయే చెప్పాడు. 1971 డిసెంబర్. 10 పారా కమాండో బెటాలియన్‌కి భవానీ సింగ్ కమాండింగ్ ఆఫీసర్, వయసు నలభై. పాకిస్తాన్‌లోని సింధ్‌లో అంతంత దూరం లోపలికి జీపుల్లో చొరబడి, 7వ తేదీన ఛాఛ్రో ఊరి మీద పడ్డారు. ఆ తర్వాత వీరావా, నగర్‌పార్కర్. "రోడ్డు మీద కాదురా, ఇసుకలో! టైర్లలో గాలి తగ్గించకపోతే బండి కూరుకుపోతుంది. రాత్రి లైటు వేస్తే చచ్చామన్నమాటే. దిబ్బ అవతల ఏముందో కనపడదు. నాకు పట్టపగలే చెమటలు పట్టేవి" అన్నాడు. నెలల తరబడి ఎడారిలో తర్ఫీదు అయ్యాకే ఆ పని చేయగలిగారట.

అసలు ఆయనకు అంత అవసరమేంటి? తండ్రి 1970లో ఇంగ్లండ్‌లో పోలో ఆడుతూ పోయాడు. అప్పుడే రాజీనామా చేసి ప్యాలెస్‌లో కూర్చోవచ్చు. 1951లో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరినవాడు అలాగే ఉండిపోయాడు. తమాషా ఏమిటంటే, ఛాఛ్రో జరిగిన ఆ డిసెంబర్‌లోనే 26వ రాజ్యాంగ సవరణతో మాజీ రాజులకు ప్రభుత్వం ఇచ్చే రాజభరణాలు రద్దయ్యాయి. ఎమర్జెన్సీలో సవతి తల్లి గాయత్రీదేవితో పాటు ఆయన్నీ తీహార్ జైల్లో పెట్టారు. హోదా చూసి పతకం ఇచ్చే ప్రభుత్వమైతే, ఆ మనిషినే జైల్లో వేస్తుందా? చెప్పండి.

ఇంకో బాధ. ఎడారి యుద్ధం అనగానే అందరూ అదే యుద్ధంలో రాజస్థాన్‌లో మనవాళ్లు పోరాడిన లోంగేవాలా అంటారు. సిమ్లా ఒప్పందం తర్వాత ఛాఛ్రో పాకిస్తాన్‌కి తిరిగి ఇచ్చేశాం, మనది కాని ఊరు ఎవరికి గుర్తుంటుంది? జైపూర్ జనమే ఆయన్ని 1989 లోక్‌సభ ఎన్నికల్లో ఓడించారు, ఇక మనల్నేం అనాలి!

వచ్చేటప్పుడు బాబాయి గైడుకి డబ్బులిస్తూ, హిందీలో "ఛాఛ్రో, 7 డిసెంబర్ 1971" అని రాసిన కాగితం కూడా చేతిలో పెట్టాడు. కంప్లైంట్ అనుకున్నాడో ఏమో, గైడు దాన్ని చదవకుండానే జేబులో పెట్టేసుకున్నాడు.