మీ అమ్మగారి మాట బ్రాకెట్లో పెట్టావేం?

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవికి,

నీ వ్యాసం అంది నెల దాటింది. మొదటిసారి చదివి పక్కన పడేశాను. రెండోసారి కోపంగా చదివాను. కోప్పడాలంటే ముందు ఆ సినిమా ఏదో చూడాలి కదా అని మనవడిని బతిమాలి, వాడి లాప్‌టాప్ తీసుకుని, రెండు రాత్రులు కూచుని పోలండ్‌లో తీసిన ఆ ‘అవలాన్’ చూశాను. అంచేత జవాబు ఆలస్యమైంది.

పదకొండు పేజీలు రాశావు. అందులో పది పేజీలు ఎవరెవరు ఏమన్నారో. గోపాలపట్నంలో మీ మేడ మీద గదిలో నలుగురు స్నేహితుల్ని కూచోబెట్టి చూపించావు. ఒకడు ‘మాస్టర్‌పీస్’ అన్నాడు. ఇంకొకడు ‘ల్యాగ్ రా బాబూ’ అన్నాడు. మూడోవాడు ‘మేట్రిక్స్ చూసేశాక ఇది దేనికి’ అన్నాడు. నాలుగోవాడు ‘లోతైన తాత్విక చింతన’ అన్నాడు. వాడు సగంలోనే గుర్రుపెట్టాడని నువ్వే రాశావు. ఇంతా చేసి చివర్లో ఏం తేల్చావు? ‘ఈ చిత్రం కొందరికి నచ్చుతుంది, కొందరికి నచ్చదు. ఎవరి అభిరుచి వారిది.’

ఈ ముక్క కోసం పోలండ్ దాకా ఎందుకు నాయనా? పూర్ణా మార్కెట్లో కాకరకాయల బుట్ట దగ్గర నిలబడినా ఇదే రాయొచ్చు.

నీ వాక్యం బాగుంది. అచ్చుతప్పులు తక్కువ. సరే, ఆ ముచ్చట అయిపోయింది.

నాకో పిచ్చి ఉంది. నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు, వినీ వినీ విసిగిపోయారు కూడా. చూడకుండా కూడా రాయగలిగిన వాక్యం సమీక్షలో ఉండకూడదు. దీని వెనక ఒక సిగ్గుమాలిన కథ ఉంది, చెప్తాను.

డెబ్బైల చివర నేను హార్బర్లో గుమస్తాని. ఒక చిన్న పత్రికకి సినిమా సమీక్షలు రాసేవాణ్ణి. డబ్బులేం లేవు, పాస్ ఇచ్చేవారు, అదే మహాభాగ్యం. ఒకసారి జగదాంబ సెంటర్ దగ్గర ఫస్ట్ షోకి వెళ్ళాను. ఆ రాత్రి డ్యూటీ ఉంది. ఇంటర్వెల్లో లేచి వచ్చేశాను. పొద్దున్న డ్యూటీ దిగి, కళ్ళు మండుతుంటే రాశాను: ‘ద్వితీయార్ధం సాగదీశారు. కత్తెరకి మరికాస్త పని చెప్పవలసింది.’ అచ్చయింది. ఎవరూ పట్టుకోలేదు. పైగా వారం తిరక్కుండా ఆ హాలు గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన నన్ను ఆపి, ‘కరెష్టుగా రాసారు మాస్టారూ, రెండో సగం సాగిందండి’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రే సెకండ్ షోకి టికెట్టు కొనుక్కుని, ఆలస్యంగా వెళ్ళి, రెండో సగం మాత్రం చూశాను. అందులో ఒక ముసలాయన రైలు టికెట్టు పోగొట్టుకుని చొక్కా జేబులూ, పంచె మడతా, సంచీ, మళ్ళీ చొక్కా జేబులూ వెతుక్కుంటాడు. మూడు నాలుగు నిమిషాలు అదే. పక్కనున్న వాళ్ళెవరూ ఆయన మొహం చూడరు. నేను సాగదీశారన్నది దాన్నే అయి ఉంటుంది. ఇప్పటికి నలభై ఏళ్ళు దాటింది. ఆ సినిమా కథ పూర్తిగా మరిచిపోయాను, ఆ చేతులు మరిచిపోలేదు.

ఇప్పుడు నీ నలుగురి మాటలూ తీసుకో. ‘మాస్టర్‌పీస్’ ఇంటర్వెల్లో లేచిపోయినవాడు కూడా రాయొచ్చు. ‘ల్యాగ్’ పోస్టర్ చూసి రాయొచ్చు. ‘తాత్విక చింతన’ నిద్రలో అనొచ్చని రుజువైంది. మేట్రిక్స్ అన్నవాడికి మాత్రం ఒక మాట చెప్పు. మేట్రిక్స్ 1999, ఇది 2001, కాబట్టి ఇదే కాపీ అని నువ్వు కూడా వాడికి తలూపావు. ఈ దర్శకుడు మమోరు ఒషీ 1995లో ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ అని ఒక యానిమేషన్ సినిమా తీశాడు. మేట్రిక్స్ తీసిన వాళ్ళు తమ నిర్మాతకి ఆ సినిమా వేసి చూపించి, ‘ఇదే మేం మనుషులతో తీస్తాం’ అని చెప్పి ఒప్పించారు. ఎవరు ఎవరి దగ్గర అప్పు తెచ్చుకున్నారో రాసేముందు పద్దు చూసుకోవాలి. గుమస్తా బుద్ధి, పోనీలే.

నాకు కోపం తెప్పించింది ఇవేవీ కావు. తొమ్మిదో పేజీలో, బ్రాకెట్లో, నువ్వొక రెండు వాక్యాలు పడేశావు: ‘(మధ్యలో అమ్మ పైకి వచ్చి కాసేపు నిలబడి, ఆ పిల్ల కుక్కకి ఇంత సుబ్బరంగా వండతంది, తనేటి తింటాదిరా అంది. అందరం నవ్వాం.)’

ఎందుకు నవ్వారు?

ఆ సినిమాలో ఆష్ అనే అమ్మాయి పొద్దస్తమానం ఒక ఆటలో బతుకుతుంది. నెత్తికి యంత్రం తగిలించుకుని పడుకుంటే ఆట బుర్రలోనే నడుస్తుంది. చట్టానికి విరుద్ధమైన ఆట, డబ్బులొచ్చే ఆట. యుద్ధం, ట్యాంకులు, హెలికాప్టర్లు. పోలిష్ సైన్యం ఇచ్చిన అసలు ట్యాంకులతోనే తీశారు. మరీ లోపలికి వెళ్ళిన వాళ్ళు కొందరు తిరిగి రారు, శరీరం ఆసుపత్రి మంచం మీద ఊరికే పడి ఉంటుంది. ఆమె పాత జట్టులోని మర్ఫీ అలా పడి ఉన్నవాడే. ఇంటికొస్తే ఒక పుస్తకాల గది, ఒక కుక్క. పొడుగు చెవుల బాసెట్ హౌండ్. ఆ దర్శకుడికి ఆ జాతి కుక్కలంటే ప్రాణం, ఆయన సినిమాల్లో ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటాయి. ఒక రాత్రి ఆమె ఆ కుక్కకి వంట చేస్తుంది. తరగడం, ఉడకడం, కలపడం, అన్నీ తీరిగ్గా చూపిస్తాడు. తీరా పెట్టబోతే కుక్క ఉండదు.

మీ నలుగురూ ఫోన్లు తీసింది ఇక్కడే అయి ఉంటుంది. సరిగ్గా ఇక్కడే మీ అమ్మగారు గుమ్మంలో ఆగారు. ఆవిడ తత్వవేత్త అని నేననను. వంట చేసే మనిషి. పొయ్యి దగ్గర నిలబడ్డ ఇంకో మనిషి ఆవిడకి కనిపించింది, అంతే. అప్పటిదాకా ఆ పిల్ల మీకు ఒక ‘ప్లేయర్’. ఎన్ని పాయింట్లు, ఏ లెవెల్, ఎవర్ని కాల్చింది. ఆ పిల్ల ఏం తింటుందని అడిగింది ఆవిడొక్కతే. ఆ మాట ఆ సినిమా చూడకుండా, ఆ నిమిషం చూడకుండా, ఎవరూ అనలేరు. పదకొండు పేజీల్లో అలాంటి వాక్యం అదొక్కటే, దాన్ని తీసుకెళ్ళి బ్రాకెట్లో దాచావు.

ఇది నాకెందుకింత మండుతోందంటే, నా కథకి కూడా ఇదే జరిగింది. పేరున్న వారపత్రిక, పేరు చెప్పను. కథలో మొగుడు చనిపోయిన ఆవిడ మూడోరోజు పొద్దున్న అన్నం వారుస్తుంది. గిన్నె వంచి, మూత అడ్డంపెట్టి, గంజి సన్నటి ధారగా పోతుంటే చూస్తూ నిలబడుతుంది. గంజి అయిపోయాక కూడా గిన్నె వంచే ఉంచుతుంది. ఇద్దరికి సరిపడా పోసిందని అప్పుడు తెలుస్తుంది. మూడు పేరాలు. ఆ సంపాదకుడు ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి, మార్జిన్లో ‘ఇక్కడ ఏమీ జరగడం లేదు’ అని రాసి పంపాడు. తీసేస్తే వేస్తానన్నాడు. నేను తీసేశాను. వేశాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు పాఠకులు మెచ్చుకుంటూ కార్డులు కూడా రాశారు. ఆ కథ నా పుస్తకంలో చేర్చలేదు, మూడు పేరాలూ తిరిగి రాద్దామంటే కాగితం పోయింది, గుర్తున్నంత వరకు రాస్తే అవి కావు. ఆయన ఇప్పుడు లేడు. పోయినవాళ్ళని అనకూడదంటారు, అయినా అన్నాను.

ఇప్పటి వాళ్ళకి ఎర్రసిరా అక్కర్లేదు, ‘ల్యాగ్’ అనే మాటుంది. ఏ సినిమాకైనా సెకండాఫ్ ల్యాగ్, నిడివి మైనస్, నేపథ్య సంగీతం ప్లస్, రెండున్నర చుక్కలు. ఒక ఫారం, ఖాళీలు పూరించడమే. దానికి తోడు ఇంకో కొత్త ఫ్యాషన్, ‘స్లో బర్న్’. ల్యాగ్ అనే దాన్నే నచ్చినవాడు ఇలా పిలుస్తాడు. రెండూ చూడనివాడి మాటలే. అసలు ఈ సినిమా నిడివి ఎంత? గంటా ముప్పావు. మన హీరోల సినిమాలు మూడు గంటలు కూచుని చూస్తాం, వాచీ చూసుకోం. అంచేత గోల నిడివి గురించి కాదు. ఏ నిమిషంలో నీకు విసుగొచ్చింది, అప్పుడు తెర మీద ఏముంది, నువ్వేం చేశావు? అది రాయి. విసుగు రాలేదని బుకాయించకు. నాకూ వచ్చింది.

నాకు ట్రాములో వచ్చింది. ఆమె ఇంటికి ట్రాములో వెళ్తుంది. మళ్ళీ అదే ట్రాము. రెండోసారికి నేను లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. ఆ తర్వాత ఇంకోసారి వస్తే, ఏం చేస్తాం అని చుట్టూ ఉన్న ప్రయాణికుల్ని చూడటం మొదలుపెట్టాను. అదే మనుషులు, అదే తీరున నిలబడి, అదే వైపు చూస్తూ. ముప్పయ్యేళ్ళు పాతపోస్టాఫీసు దగ్గర ఒకే బస్సు ఎక్కాను నేను. కిటికీ పక్కన తల ఆనించి నిద్రపోయే బట్టతలాయన ఒకడుండేవాడు. ఆయన పేరేమిటో, ఎక్కడ దిగుతాడో నాకు తెలీదు. ఒకరోజు నుంచి రావడం మానేశాడు. మానేశాడని నేను గమనించడానికి ఎన్నాళ్ళు పట్టిందో కూడా చెప్పలేను. లాప్‌టాప్ ఆపి కాసేపు అలా కూచున్నాను. ఇది సినిమా గొప్పతనమా నా ముసలితనమా అంటే తేల్చలేను, నీ వ్యాసంలో మాత్రం ఇలాంటిదొకటి కావాలి.

ఇక రంగు. సినిమా చాలా మటుకు పాత ఫోటోలా పసుపు తిరిగిన గోధుమరంగులోనే నడుస్తుంది. ‘సెపియా టోన్ డిస్టోపియన్ మూడ్‌ని క్రియేట్ చేస్తుంది’ అని రాశావు. మళ్ళీ ఫారమే. నువ్వు విశాఖలో పుట్టి పెరిగినవాడివి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ వచ్చిన ఆదివారం నువ్వు హైస్కూల్లో ఉండి ఉంటావు. గాలి ఆగాక మర్నాడు కైలాసగిరి ఏ రంగులో ఉంది? సింహాచలం కొండ ఏ రంగులో ఉంది? మిగిలిన ఆకులు కూడా మాడిపోయి, కొండలన్నీ ఎవరో నిప్పుపెట్టి ఆర్పినట్టు గోధుమరంగులో నిలబడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ రంగు సినిమాలో చూసి నీకేం గుర్తురాలేదా? వచ్చే ఉంటుంది. వ్యాసానికి పనికిరాదనుకుని ఉంటావు.

నా మటుకు నాకు ఇంకోటి గుర్తొచ్చింది. సినిమా మొదలవగానే ఆపరేషన్ చేసిన కన్ను మళ్ళీ మసకేసిందేమోనని భయపడ్డాను. మనవడేమో స్క్రీన్ పోయింది తాతయ్యా అని కంగారుపడ్డాడు. మొన్న శీతాకాలం కుడికంటికి శుక్లం తీశారు. మర్నాడు కట్టు విప్పితే గోడ తెల్లగా ఉంది. నేను ఇన్నేళ్ళూ అది మీగడరంగు అనుకుంటున్నాను. ఎడంకన్ను మూసి చూస్తే తెల్లగోడ, కుడికన్ను మూస్తే పాత గోడ, డికాషన్ పులిమినట్టు. మా ఆవిడ నీలం చీర కట్టుకొస్తే కొత్తదా అన్నాను. ఆరేళ్ళ కిందటిదట. ఇంతకాలం లోకం పసుపు తిరిగిందని నాకు తెలీనే తెలీదు, తెలియడానికి పక్కన ఇంకో రంగు లేదు. ఆష్ చివరికి ‘క్లాస్ రియల్’ అనే చోటికి చేరగానే తెర నిండా రంగులొస్తాయి చూడు, మామూలు వీధి, మామూలు కార్లు, మామూలు ఎండ. మీ వాళ్ళలో ఒకడు ‘అబ్బ, ఇప్పటికైనా’ అన్నాడని రాశావు. నేనేమో రెండు కళ్ళూ ఒకటొకటిగా మూసి చూశాను.

ఆ చివర్లో ఏది నిజం, ఏది ఆట అని నన్ను అడిగావు. అది ఇంకోసారి.

కలంపేరు సంగతి, పుస్తకం వేస్తే ఎంతవుతుందన్న సంగతీ ఈ ఉత్తరంలో పట్టవు. వ్యాసం తిప్పి పంపుతున్నాను. తొమ్మిదో పేజీలో బ్రాకెట్లు కొట్టేశాను, మిగతా పది పేజీల మీద పెన్ను పెట్టలేదు, ఉంచుకుంటావో చింపుతావో నీ ఇష్టం. నలుగురి అభిప్రాయాలూ ఉంచాలనుకుంటే ఉంచు, కానీ ఒక్కొక్కడూ ఏ నిమిషంలో ఫోన్ తీశాడో, నిద్రపోయినవాడు ఎక్కడ నిద్రపోయి ఎక్కడ లేచాడో రాయి. అడిగితే చెప్తారు, స్నేహితులేగా.

ఇంకొకటి. మీ అమ్మగారు మేడ మీదకి ఏ పని మీద వచ్చారో నువ్వు రాయలేదు. ఒడియాలు తియ్యడానికా, ఆరేసిన బట్టలకా? చేతిలో ఏముంది? ఎంతసేపు నిలబడ్డారు? మీరు నవ్వాక ఆవిడా నవ్వారా, ఊరికే దిగిపోయారా? ఆ రాత్రి ఆవిడ ఏం తిన్నారు? నీకు గుర్తుండదు. వెళ్ళి అడుగు.

మనవడు లాప్‌టాప్ కోసం గుమ్మంలో నిలబడ్డాడు. ఉంటాను.