సమాధానం: పదిహేడేళ్ల మేనల్లుడి కేసు పెద్దల కోర్టుకు వెళ్తుందా?

గాజువాక అన్నగారూ, కొట్లాటలో అవతలి అబ్బాయి చెయ్యి విరిగిందన్నారు కదా, టెన్షన్ పడకండి. "కొత్త చట్టంతో పదహారు దాటితే పెద్దల కోర్టే" అన్నవాళ్లు సగమే చెప్పారు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న 'ఘోర నేరాల్లోనే' ఆ ప్రశ్న వస్తుంది. అప్పుడు కూడా పిల్లల కేసులు చూసే బాలల న్యాయ బోర్డు మొదట ప్రాథమిక అంచనా వేయాలి, అంటే చేసిన పని పర్యవసానం పిల్లాడికి తెలుసా లేదా అని చూడాలి. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు దాటినా కనీస శిక్ష అంతకన్నా తక్కువైతే అది ఘోర నేరం కాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, 2021 సవరణ దాన్నే చట్టంలో చేర్చింది. చెయ్యి విరగ్గొట్టడం వరకే అయితే కేసు బాలల న్యాయ బోర్డులోనే నడుస్తుంది. సెక్షన్లు మాత్రం ఒకసారి లాయరుకు చూపించండి.

ముందు వయసు తేల్చండి. లెక్కలోకి వచ్చేది గొడవ జరిగిన రోజు వయసు. స్కూలు సర్టిఫికెట్ లేదా పదో తరగతిది పట్టుకెళ్లండి, అవి లేకపోతేనే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చిన జనన ధ్రువపత్రం. పిల్లాణ్ని లాకప్‌లో ఉంచకూడదు. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, ఉచితంగా పెడతారు.