కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గరికి రాడ్లు పట్టుకొస్తున్న మా మేనల్లుడికి

ఒరే చిన్నా,

నువ్వూ నీ స్నేహితులు ముగ్గురూ జనవరిలో ఫ్లై ఫిషింగ్‌కి, అంటే ఈకలు కట్టిన గాలంతో చేపలు పట్టడానికి, వస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషంరా. ఏ రాడ్ కొనాలా అని ఇంకా వెతుకుతున్నావట. తొమ్మిది అడుగులది, ఎనిమిదో నంబరు లైన్‌కి సరిపడేది, ఉప్పునీటికి పనికొచ్చే రీలు, అంతే. ఇవాళ్టి నుంచే రోజూ ఒక గంట గ్రౌండ్‌కి వెళ్ళి విసరడం మొదలుపెట్టు.

ఈకలు కట్టిన గాలానికి బరువుండదు, బరువంతా లైన్‌దే. లైన్ వెనక్కి పూర్తిగా సాగేదాకా ఆగి అప్పుడు ముందుకి విసరాలి, ఆ ఆగడం చేతికి పట్టాలంటే నెల పడుతుంది. గాలి లేని రోజు చూసుకుని వెళ్ళకు, గాలున్న రోజే వెళ్ళు. ఇక్కడ తెల్లవారుజామున గాలి వీపు వైపు నుంచి ఉంటుంది, ఎండెక్కాక సముద్రం మీంచి నేరుగా ముఖానికి కొడుతుంది.

ఒమన్‌లో పనిచేసే రోజుల్లో కుడివైపు నుంచి గాలి వీస్తున్నా లెక్కచెయ్యకుండా విసిరాను, గాలం వచ్చి చెవి వెనక దిగింది. ముందురోజే గాలానికి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని కటింగ్ ప్లేయర్‌తో నొక్కేశాను కాబట్టి వేళ్ళతో లాగితే వచ్చేసింది. మీ నలుగురి గాలాలూ ఇంటి దగ్గరే నొక్కేసి తీసుకురండి. టోపీ, కళ్ళజోడు లేకుండా ఎవరూ రాడ్ ఎత్తొద్దు. మనిషికీ మనిషికీ ఇరవై గజాలైనా ఉండాలి.

అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా రండి, పోటూ పాటూ గట్టిగా ఉంటాయి. పాటు మొదలై, అంటే సముద్రం వెనక్కి తగ్గుతూ, వంశధార నీళ్ళు సముద్రంలోకి లాగుతుంటే చిన్నచేపలు కొట్టుకొస్తాయి, పండుగప్ప అక్కడే కాచుకుని ఉంటుంది. కానీ ఆ లాగుడే మనిషినీ లాగుతుంది, మోకాలి లోతు దాటొద్దు. అడుగులు ఎత్తెత్తి వెయ్యకుండా ఇసకలో ఈడుస్తూ నడవండి, కింద తోకలో ముల్లుండే టేకు చేప ఉంటే పక్కకి తప్పుకుంటుంది. ఇసక మేట ఏటికేడు జరుగుతుంది, ముందు వలలు వేసే అన్నల్ని అడగండి, వాళ్ళ వల ఉన్న వైపు విసరకండి.

చేప కొట్టగానే రాడ్ పైకెత్తావో, పోయినట్టే. రాడ్ కొన చేప వైపే ఉంచి ఎడమ చేత్తో లైన్‌ని గట్టిగా వెనక్కి లాగు. పండుగప్ప మొప్ప అంచు బ్లేడులా ఉంటుంది, అందుకే గాలం దగ్గర రెండడుగులు నలభై పౌండ్ల దారం కట్టు. అది మగదిగా పుట్టి ఎదిగాక ఆడదవుతుంది, పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టేవే, పెద్దది పడితే ఫొటో కోసం కూడా ఎక్కువసేపు నీళ్ళలోంచి తియ్యకుండా వదిలెయ్యండి, ఇది మాత్రం నా మాట వినండి.

పడవ సంగతి వేసవికి పెట్టుకోకు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను పడవల వేట నిషేధం. అక్టోబర్ అసలే వద్దు, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది ఆ నెలలోనే.

సాయంత్రం నేరుగా ఇంటికి రండి, పెరట్లో కుళాయి ఉంది, భోజనం కంటే ముందు రీళ్ళు మంచినీళ్ళతో కడగాలి. వారం తర్వాత నువ్వు విసిరేది పక్కనుంచి వీడియో తీయించి పంపు, నీ చెయ్యి వెనక ఎక్కడ ఆగుతోందో చూస్తాను.

మావయ్య